కన్నీటి గ్రంథి కథలో మన భీమవరం డాక్టరు
డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు జీవిత విశేషాలు

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం గురించి రాసే అవకాశం ఈసారి మాకు వచ్చింది. మన హాస్టల్ హాలు గోడ మీద అంబేద్కర్ గారు, ఫూలే గారు, జాషువా గారు ఉన్నారు. వారి జీవితాలు మనకు తెలుసు. అందుకే ఈసారి గోడ మీద లేని ఒకాయన గురించి రాస్తున్నాం. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. పీజీ ల్యాబులో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే ప్రాక్టికల్ చేసినప్పుడు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని రికార్డులో రాసుకున్నాం. ఆ సుబ్బారావు మన తెలుగువాడని అప్పటి వరకు మాలో చాలామందికి తెలియదు. తెలుసుకున్న కొద్దీ ఆయన పని మన ఇళ్ళల్లో మందుల డబ్బా దాకా వచ్చిందని అర్థమైంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ చదవాలని ఇది రాస్తున్నాం.

బాల్యం

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం మానేయడంతో ఇల్లు గడవడం కష్టమైంది. సుబ్బారావుకు చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మితే బాగా డబ్బు వస్తుందని పదమూడేళ్ళ వయసులో చుట్టాల కుర్రాడితో కలిసి ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. తండ్రి పోయాక తల్లి తన నగలు అమ్మి ఆయన్ని మద్రాసు పంపింది. అక్కడ ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి పాసయ్యారు. ఈ సంచిక చదివేవారిలో పదో తరగతి ఒక సబ్జెక్టు పోయి, ఇంటికి ఫోన్ చేయలేక మేడ మీద కూర్చున్న తమ్ముడు ఎవరైనా ఉంటే, ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఖద్దరు గౌను

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయనకు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనిపించింది. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో వివాహం జరిగింది.

అవి గాంధీ గారు విదేశీ వస్త్ర బహిష్కారానికి పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కోపం తెప్పించింది. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి ఆయనకు ఎంబీబీఎస్ పట్టా ఇవ్వలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దానితో ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పడానికి చేరారు.

అంతకు ముందే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో రోజుల తేడాలో మరణించారు. స్ప్రూ అంటే మానని విరేచనాలు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎముకల గూడు అవుతాడు. కొంతకాలానికి సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు చేసింది. లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు. తమ్ముణ్ణి, అన్నను తినేసిన జబ్బుకు కారణం ఏమిటన్న ప్రశ్న ఆయన్ని మళ్ళీ వదల్లేదు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

అమెరికా వెళ్ళి చదవాలనుకున్నారు. డబ్బు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకరు మామగారు. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి. నాయకర్ గారు రంగూన్ ఓడరేవులో సంపాదించి ఆ సంపాదనను ధర్మకార్యాలకు, చదువులకు రాసిచ్చిన మనిషి. ఓడరేవు పక్కన పెరుగుతున్న మనకు ఇది గుర్తుండాలి. ఒక రేవులో సంపాదించిన డబ్బు ఒక విద్యార్థిని ఇంకో సముద్రం దాటించింది.

1920ల మొదట్లో బోస్టన్ చేరి, రిచర్డ్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ అండతో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. స్కాలర్‌షిప్ లేదు. ఎల్ఎంఎస్ పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనిలో చేరారు. పగలు చదువు, రాత్రి ఆ పని.

ఇక్కడ మేము ఒక సంగతి చెప్పాలి. ఆ పనిని మన వాళ్ళు తరతరాలుగా చేశారు. వారి గురించి ఎవరూ జీవిత చరిత్రలు రాయలేదు. సుబ్బారావు గారు అగ్రకులంలో పుట్టారు. మద్రాసులో, కాకినాడలో ఆయనకు తెరుచుకున్న తలుపులు ఆ రోజుల్లో మన తాతలకు మూసే ఉన్నాయి. కాబట్టి ఆయన కష్టం, మన కష్టం ఒకటేనని మేము అనడం లేదు. అయినా తెలియని దేశంలో ఆ పని చేస్తూ చదువు వదలకపోవడం గొప్ప విషయమే. ఆ గొప్పతనాన్ని గుర్తించడానికి మనకంటే తగినవారు ఎవరున్నారు?

భాస్వరం కొలిచిన మనిషి

తరువాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి ఇద్దరూ కలిసి సులువైన పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ద్రావణం నీలం రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతే మన ల్యాబు రికార్డులోకి వచ్చింది.

ఆ కొలతతోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీ అంటే ప్రతి కణం ఖర్చు పెట్టే చిల్లర డబ్బు లాంటిది. అందులో మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. చివరిదాన్ని విడదీసినప్పుడు శక్తి వస్తుంది. కొన్నిసార్లు ఆ ఫాస్ఫేట్‌ను కణం పారేయదు. ఇంకో ప్రోటీన్‌కు తగిలిస్తుంది. తగిలించగానే ఆ ప్రోటీన్ మేలుకుంటుంది, తీసేయగానే పడుకుంటుంది. ఇది తరువాతి కాలంలో ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ తేల్చిన విషయం. దానికి వారికి 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. 1930లో పీహెచ్‌డీ వచ్చిన సుబ్బారావు గారికి మాత్రం హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం కూడా దక్కలేదు.

కన్నీటి గ్రంథిలో ఆగని గంట

ఇప్పుడు ఒక జబ్బు గురించి చెప్పుకుందాం. ఫాస్ఫేట్ తగిలించడం అనే చిన్న పని మనిషి ఒంట్లో ఎంత దూరం పోతుందో దీనితో తెలుస్తుంది.

మన కళ్ళ పైభాగంలో, బయటి మూలన కన్నీటి గ్రంథులు ఉంటాయి. కొందరిలో ఒంటిని కాపాడవలసిన తెల్లకణాలే ఈ గ్రంథుల మీద, నోటిలోని లాలాజల గ్రంథుల మీద దాడి చేస్తాయి. స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో ఇలాంటి 19 మంది స్త్రీల గురించి తన సిద్ధాంత గ్రంథంలో వివరంగా రాశారు. అందుకే దీన్ని షోగ్రెన్ వ్యాధి అంటారు. రోగుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్ళే. ఎక్కువగా నలభై దాటిన వయసులో బయటపడుతుంది.

లోపల జరిగేది ఇది. వైరస్ సోకినప్పుడు కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది పక్క కణాలకు హెచ్చరిక గంట. గంట శబ్దం కణం గోడ మీదున్న గ్రాహకానికి తగులుతుంది. గ్రాహకం లోపలి వైపు జాక్ అనే ఎంజైము కాపలా కూర్చుని ఉంటుంది. అది ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి స్టాట్ అనే ప్రోటీన్‌కు తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన స్టాట్‌లు జంట కట్టి కణ కేంద్రకంలోకి వెళ్ళి, యుద్ధానికి కావలసిన జన్యువులను తెరుస్తాయి. వైరస్ పోయాక గంట ఆగాలి.

హాస్టల్లో దొంగ వచ్చాడని వాచ్‌మన్ గంట కొట్టాడనుకోండి. అందరూ కర్రలు పట్టుకుని లేస్తారు. దొంగ పారిపోయినా గంట ఆగకపోతే చీకట్లో మన వాళ్ళనే మనం కొట్టుకుంటాం. షోగ్రెన్ వ్యాధిలో జరిగేది దాదాపు ఇదే. చాలామంది రోగుల్లో ఇంటర్‌ఫెరాన్ గంట ఆగకుండా మోగుతూ ఉంటుంది. దాని వల్ల బాఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. బాఫ్ బీ కణాలను చావనివ్వదు. ఆ బీ కణాలు మన సొంత కణాల ప్రోటీన్ల మీదే యాంటీబాడీలు తయారు చేస్తాయి. రక్త పరీక్షలో యాంటీ రో, యాంటీ లా అని కనిపించేవి ఇవే. ఆ యాంటీబాడీలు కణాల శిథిలాలతో కలిసి మళ్ళీ ఇంటర్‌ఫెరాన్‌ను రేపుతాయి. చక్రం తిరుగుతూనే ఉంటుంది. గ్రంథి నాళాల చుట్టూ తెల్లకణాలు గుంపు కట్టి, గ్రంథి పాడై, కన్నీరు తగ్గిపోతుంది.

అప్పుడు కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. నోరు ఎండి, నీళ్ళు లేకుండా ముద్ద దిగదు. పళ్ళు త్వరగా పుచ్చుతాయి. కీళ్ళు నొస్తాయి, నీరసం వదలదు. మన వన్ టౌన్‌లో అయితే రేవు దుమ్ము అనుకుంటాం, కట్టెల పొయ్యి పొగ అనుకుంటాం, వయసు మీద పడింది అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం కావచ్చు కూడా. కానీ కళ్ళు, నోరు రెండూ నెలల తరబడి ఎండిపోతే, దానికి కీళ్ళ నొప్పులు తోడైతే కంటి డాక్టరుకు ఆ మూడూ కలిపి చెప్పాలి. కింది రెప్పలో చిన్న కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు ఉంచుతారు. 5 మిల్లీమీటర్లకు మించి తడవకపోతే కన్నీరు తక్కువగా ఉన్నట్టు. సులువైన పరీక్షే. అడగడానికే మన అమ్మలు మొహమాట పడతారు.

ఫోలిక్ ఆమ్లం, దాని ప్రత్యర్థి

సుబ్బారావు గారు ఈ వ్యాధి మీద పని చేయలేదు. కానీ ఆయన తరువాత చేసిన పని కూడా ఇటువైపే వచ్చింది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల్లో తగ్గిపోయే పోషకాల్లో అదొకటి. అక్కడే బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. నేటికీ ఉష్ణమండల స్ప్రూకు ఇచ్చే వైద్యం ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపే. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన నడిపిన చోటి నుంచే వచ్చాయి.

బోదకాలుకు వాడే డీఈసీ కూడా అక్కడిదే, 1947 నాటిది. మన తీర జిల్లాల్లో ఏటా ఒక రోజు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు గుర్తున్నాయా? అవే.

కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అయితే ఫోలిక్ ఆమ్లంలా కనిపించి దాని పనిని అడ్డుకునే పదార్థం ఇస్తే క్యాన్సర్ కణాలు ఆగుతాయా? ఆయన బృందం అలాంటివి తయారు చేసింది. అందులో అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్.

1951లో రాబర్ట్ గబ్నర్ అమైనోప్టెరిన్‌తో కీళ్ళవాతం, సోరియాసిస్ కూడా తగ్గుతున్నాయని చూపారు. 1985లో తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి పనిచేస్తుందని నిరూపించిన పరీక్షల్లో ఒకటి బ్రిగ్‌హామ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి డాక్టర్లది. సుబ్బారావు గారు రాత్రిపూట పాత్రలు కడిగిన ఆసుపత్రి 1980లో కలిసిపోయింది అందులోనే. 1988లో అమెరికా ప్రభుత్వం ఆ వాడకానికి అనుమతి ఇచ్చింది. 2015లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు మెథోట్రెక్సేట్ జాక్-స్టాట్ దారిని కూడా అణుస్తుందని ప్రచురించారు. అంటే స్టాట్‌కు ఫాస్ఫేట్ తగలడం తగ్గుతుంది. ఒకే మనిషి పనిలో ఒక కొస గంట మోగడానికి కావలసిన ఏటీపీ, రెండో కొస ఆ గంటను తగ్గించే మందు.

ఎక్కువ చేసి చెప్పడం మాకు ఇష్టం లేదు. షోగ్రెన్ రోగులకు ఈ మందు ముఖ్యంగా కీళ్ళ నొప్పులకు ఇస్తారు. ఎండిన కన్నీటిని అది తిరిగి తేలేదు. కళ్ళకు కృత్రిమ కన్నీటి చుక్కలు, సైక్లోస్పోరిన్ చుక్కలు వాడతారు. చక్రాన్ని పూర్తిగా ఆపే మందు కోసం పరిశోధన సాగుతూనే ఉంది. అది మనలో ఒకరి పని ఎందుకు కాకూడదు?

మందుల చీటీ చదివేది మనమే

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. నోటి పుళ్ళు, జ్వరం, రక్తకణాలు పడిపోవడం దాని లక్షణాలు. మాలో ఒకరి ఇంట్లో తల్లి ఈ మాత్రను మిగతా మాత్రలతో కలిపి రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది. చీటీ ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పేవారు ఇంట్లో లేరు. సెలవుకు వెళ్ళిన కొడుకు మూడో రోజున చీటీ చూసి ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆమె బాగుంది. ఆ కొడుకు పండక్కి కాకుండా ఇంకో వారం ఆగి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించలేం.

మన ఇళ్ళల్లో మొదట చదువుకున్నది మనమే. కాబట్టి ఇంటికి వెళ్ళినప్పుడు మందుల డబ్బా దించి ప్రతి చీటీ చదవండి. ఈ మాత్ర కనిపిస్తే ఏ వారం వేసుకోవాలో డాక్టరును అడిగి, ఆ రోజు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. దాంతో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు, మందు వల్ల కలిగే హాని తగ్గడానికి. అదీ సుబ్బారావు గారి చేతి మీదుగా వచ్చిందే. గర్భిణులు మెథోట్రెక్సేట్ వాడకూడదు. రక్త పరీక్షలు మానకూడదు. సొంతంగా మొదలుపెట్టడం, మానేయడం రెండూ ప్రమాదమే.

ఆయన పోగొట్టుకున్నవి

సుబ్బారావు గారు అమెరికా వెళ్ళాక మళ్ళీ స్వదేశానికి రాలేదు. బయలుదేరినప్పుడు శేషగిరి గారు గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. శేషగిరి గారు భర్త కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. గొప్పవాళ్ళ చరిత్రల్లో ఇలాంటి సంగతులు ఒక వాక్యంలో దాటవేస్తారు. మేము దాటవేయదలచుకోలేదు. ఆయన శాస్త్రానికి చెల్లించిన మూల్యంలో పెద్ద భాగం ఆమె చెల్లించారు. దూరాన పనికి పోయిన తండ్రుల కోసం ఎదురుచూసిన పిల్లలం మనలో ఎందరో ఉన్నాం. మనకు అది తెలుసు.

1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 ఏళ్ళు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలు. దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది నిండలేదు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. తనతో పనిచేసిన వారి పేర్లు ముందుకు తోసి తాను వెనక నిలబడే స్వభావం ఆయనది. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

పరీక్ష తప్పడం, తక్కువ పట్టా రావడం, రాత్రి పని చేస్తూ చదవడం ఇవేవీ ఆయన్ని ఆపలేదు. కానీ ఒంటరిగా ఎదగలేదు. తల్లి నగలు, మామగారి డబ్బు, నాయకర్ గారి ధర్మనిధి, ఒక ప్రొఫెసర్ అండ ఉన్నాయి. మనకు ఆ స్థానంలో ఉన్నవి ఈ హాస్టల్, స్కాలర్‌షిప్, వాటి కోసం పోరాడి సాధించిన మహనీయులు. అందుకే ఉద్యోగాలు వచ్చిన పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీ పేరిట కాకపోయినా ఫర్వాలేదు, తప్పిన సబ్జెక్టుకు మళ్ళీ ఫీజు కట్టలేని ఒక పిల్లవాడి ఫీజు ఈ ఏడాది కట్టండి. వార్డెన్ గారికి చెబితే చాలు.

సైన్సు గ్రూపు తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్న వారు ఆదివారం సాయంత్రం మా గదికి రండి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి బొమ్మలు వేసి చెబుతాం. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మందుల డబ్బా చూడటం మాత్రం మరచిపోకండి.